బీడీ చాటకు లేని నామోషీ బ్యూటీ పార్లర్‌కు ఎందుకు?



మన ఆడపిల్లలు సొంతంగా బ్యూటీ పార్లర్ పెట్టుకుంటామంటే, పెద్దలు కొందరు "ఒకరి తల ముట్టుకునే పని మనకెందుకు?" అంటున్నారు. ఈ మాట మేము ఒప్పుకోం. మన అమ్మలు, అమ్మమ్మలు ఒళ్ళో చాట పెట్టుకుని, పొగాకు దుమ్ము పీలుస్తూ, నడుములు వంగేదాకా బీడీలు చుట్టారు. ఆ కూలితోనే మనం చదువుకున్నాం. అప్పుడు అడ్డురాని పరువు ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది? పెళ్ళికూతురి మేకప్‌కు బయటివాళ్ళకు వేలు పోస్తాం. అదే పని మన పిల్ల చేస్తే చిన్నతనమా?

ముద్రా పథకం కింద శిశు రుణం 50,000 రూపాయల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. ఉద్యమ్ నమోదుకు పైసా ఖర్చు లేదు. కానీ అప్పు కంటే ముందు పని నేర్చుకోవాలి. జుట్టుకు రంగు వేయడానికి 48 గంటల ముందు చర్మం మీద కాస్త రాసి చూడాలని తెలియకుండా అద్దాలు, ఏసీలు బిగిస్తే లాభం లేదు.

అందుకే పెళ్ళిళ్ళు లేని రోజుల్లో సంఘం హాలులో ఒక గది శిక్షణకు ఇవ్వాలి. వచ్చే సభలో ఈ తీర్మానం పెడుతున్నాం. వద్దనేవారు లేచి నిలబడి, మన ఆడపిల్లల ముందే కారణం చెప్పాలి.