ఎడమ కాలి తప్పేనా?

"నీ ఎడమ కాలు వీక్ రా. ప్రాక్టీస్ చెయ్."

డబుల్ పెడల్ మీద కాలు పెట్టిన ప్రతి డ్రమ్మర్ ఎప్పుడో ఒకప్పుడు వినే మాట ఇది. నేను ఫెస్ట్ రిహార్సల్ మధ్యలో, అందరి ముందూ విన్నాను. షోకి నాలుగు రోజులే ఉంది కాబట్టి ఆ పాటని ఒక్క కాలితో సరిపోయేలా మార్చి, వేరే అబ్బాయి చేత వాయించారు. వాళ్ల నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ మాట సగమే నిజం. మిగతా సగం గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి నేను రాస్తున్నాను.

డ్రమ్స్ తెలియని వాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. కిట్‌లో నేల మీద నిలబెట్టి ఉండే పెద్ద డ్రమ్‌ని బేస్ డ్రమ్ అంటారు. దాన్ని కాలితో పెడల్ తొక్కి వాయిస్తాం. వేగంగా రెండు కాళ్లతో వాయించాలంటే ఒక దారి, రెండు బేస్ డ్రమ్‌లు పెట్టుకోవడం. జాజ్ డ్రమ్మర్ లూయీ బెల్సన్ పేరు వింటే చాలామందికి గుర్తొచ్చేది అదే. మన మ్యూజిక్ రూమ్‌లో రెండో బేస్ డ్రమ్ పెడితే గిటారిస్టులు కారిడార్లో నిలబడాలి. రెండో దారి డబుల్ పెడల్: డ్రమ్ ఒక్కటే, దాన్ని కొట్టే బీటర్లు రెండు.

చిక్కంతా ఇక్కడే ఉంది. కుడి పెడల్ డ్రమ్ కిందే ఉంటుంది. తొక్కగానే చైన్ లాగుతుంది, బీటర్ కొడుతుంది. ఎడమ పెడల్ ఎక్కడో హై-హ్యాట్ పక్కన ఉంటుంది. అక్కడి నుంచి ఒక రాడ్ స్నేర్ స్టాండ్ పక్కగా వచ్చి ఎడమ బీటర్‌ని తిప్పుతుంది. రాడ్‌కి రెండు చివర్లా రెండు యూనివర్సల్ జాయింట్లు. అంటే కుడి కాలు నేరుగా మాట్లాడుతుంది, ఎడమ కాలు ఇద్దరు మధ్యవర్తుల ద్వారా మాట్లాడుతుంది. ఆలస్యమైతే మాత్రం తిట్లు కాలికే.

ఫెస్ట్ అయిపోయాక కోపంతో ఒక పని చేశాను. సీఎస్‌ఈ వాళ్లం కదా, ప్రోగ్రామ్ తప్పు సమాధానం ఇస్తే "ఇంకా గట్టిగా రన్ చెయ్" అనం. బగ్ ఎక్కడుందో చూస్తాం. మెట్రోనోమ్ 120లో పెట్టి, బీట్‌కి నాలుగు దెబ్బల చొప్పున కుడి-ఎడమ, కుడి-ఎడమ వాయించి ఫోన్‌లో రికార్డ్ చేశాను. ఆ వేగంలో ప్రతి దెబ్బకీ మధ్య సరిగ్గా 125 మిల్లీసెకన్లు ఉండాలి. వేవ్‌ఫామ్ తెరిచి చూస్తే కుడి నుంచి ఎడమకి దాదాపు 140, ఎడమ నుంచి కుడికి దాదాపు 110. ప్రతిసారీ ఎడమ దెబ్బ 15 మిల్లీసెకన్లు లేటు. చెవికి అది గుర్రం కుంటినట్టు వినిపిస్తుంది.

ఇక్కడిదాకా అయితే సీనియర్ మాటే నెగ్గినట్టు. అందుకే ఇంకో పరీక్ష పెట్టాను. స్టూలు పక్కకి జరుపుకుని, ఎడమ పెడల్‌ని కుడి కాలితో తొక్కాను. స్లో మోషన్‌లో వీడియో తీశాను. సెకనుకి 240 ఫ్రేములు, అంటే ఫ్రేముకి నాలుగు మిల్లీసెకన్ల పైచిలుకు. కాలు అదే, బలం అదే. అయినా ఎడమ పెడల్ మీద తొక్కుడు మొదలైన దగ్గర్నుంచి బీటర్ తగిలేదాకా రెండు ఫ్రేములు ఎక్కువ పడుతోంది. జూమ్ చేసి చూస్తే ఆ రెండు ఫ్రేముల్లో ఫుట్‌బోర్డ్ కదులుతోంది, బీటర్ కదలట్లేదు!

నిజం చెప్పాలంటే అప్పుడు నేను చేసింది తెలివైన పనేం కాదు. కొత్త పెడల్ కొనివ్వమని నాన్నకి ఫోన్ చేశాను. నాన్నకి విజయవాడ ఆటోనగర్‌లో లారీల షెడ్డు ఉంది. "ఎంతరా?" అన్నారు. ముప్పై వేలు దాటుతుందన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అసలు ఏం పాడైంది, చెప్పు" అన్నారు.

నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. డ్రైవ్‌షాఫ్ట్, ల్యాగ్, రెస్పాన్స్ అని మొదలుపెట్టి మధ్యలోనే ఆగిపోయాను. నాన్నకి అర్థం కాదని కాదు. నాకే సరిగ్గా అర్థం కాలేదని తెలిసింది. మళ్లీ మొదటి నుంచి, మామూలు తెలుగులో చెప్పాను. "ఒక కడ్డీ ఉంది నాన్నా, రెండు చివర్లా మడత పడుతుంది. ఇటు తొక్కితే అటు తిరగాలి. కానీ కొంచెం ఆగి తిరుగుతోంది."

"లారీ జాయింట్ షాఫ్టే కదరా అది! క్రాస్‌లో ప్లే వచ్చుంటుంది. పట్టుకుని ఊపి చూడు. స్క్రూలు బిగించు. రెండు చివర్లా వంపు ఒకేలా ఉందో లేదో చూసుకో."

ఆ చివరి మాట మా మెకానికల్ రూమ్‌మేట్‌కి చెబితే వాడు పుస్తకం తీశాడు. యూనివర్సల్ జాయింట్ వంగి ఉన్నప్పుడు ఒకవైపు సమానంగా తిప్పినా రెండోవైపు ఒకే వేగంతో తిరగదు, కొంచెం ఉరుకుతూ, కొంచెం ఆగుతూ తిరుగుతుంది. రెండు జాయింట్లూ ఒకే కోణంలో, సరైన వరసలో ఉంటే ఒకదాని తేడాని ఇంకొకటి సరిచేస్తుంది. వాళ్ల సిలబస్‌లో హుక్స్ జాయింట్ అని ఉంటుందట. పరీక్షలో రాసి మర్చిపోయే ఆ పాఠం మా బేస్ డ్రమ్ కింద రోజూ తిరుగుతూనే ఉంది.

మర్నాడు డ్రమ్ కీ, చిన్న నూనె డబ్బా పట్టుకుని కూర్చున్నాను. రాడ్‌ని బిగించే స్క్రూ ఒకటి వదులైంది, బిగించాను. ఎడమ పెడల్‌ని ముందుకి జరిపి రాడ్ వీలైనంత తిన్నగా, నేలకి సమాంతరంగా వచ్చేలా పెట్టాను. జాయింట్లకి ఒక్కో చుక్క నూనె. రెండు బీటర్ల ఎత్తూ, వెనక్కి వాలే కోణమూ ఒకేలా చేశాను. డ్రమ్ నడిమధ్యకి రెండూ సమాన దూరంలో తగిలేలా చూశాను. చివరికి ఎడమ స్ప్రింగ్‌ని కుడిదానికంటే కొంచెం ఎక్కువ బిగించాను.

ఆ చివరి పని నాకు ముందు నచ్చలేదు. రెండు స్ప్రింగులూ ఒకేలా ఉండటమే న్యాయం అనిపించింది. కానీ ఎడమవైపు రాడ్ బరువు, జాయింట్ల రాపిడి అదనంగా ఉన్నాయి. బీటర్ వెనక్కి రావడానికి దానికి కొంచెం ఎక్కువ సాయం కావాలి. రెండింటికీ ఒకే సెట్టింగ్ ఇస్తే రెండూ సమానం కావు. అలాగని మరీ బిగిస్తే తొక్కడం బరువై కాలు అలిసిపోతుంది. ఎంత అన్నది మీటర్ చెప్పదు, కాలే చెప్పాలి.

మళ్లీ రికార్డ్ చేశాను. 15 కాస్తా 6 అయింది. ఆ ఆరు మాత్రం నాదే, ఒప్పుకుంటాను. ఇన్నేళ్లూ హై-హ్యాట్ నొక్కిపెట్టడం తప్ప నా ఎడమ కాలు చేసిన పని లేదు. ఇప్పుడు రోజూ 60 వేగంతో మొదలుపెట్టి, ప్రతి వరసా ఎడమతోనే ఎత్తుకుంటున్నాను. హాస్టల్లో అయితే దిండు మీద.

"ట్రిగ్గర్ పెట్టుకుంటే అయిపోతుంది కదా" అంటారు కొందరు. ట్రిగ్గర్ రెండు దెబ్బల శబ్దాన్ని ఒకే సైజుకి తేగలదు. లేటుగా తగిలిన దెబ్బని ముందుకి జరపలేదు. "అంత సమానంగా వాయిస్తే మిషన్‌లా ఉంటుంది" అనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాటలో విషయం ఉంది. మన డప్పునే చూడండి. ఒక చేతిలో లావు చిర్ర, ఇంకో చేతిలో సన్నని సిటికెన పుల్ల. మృదంగంలో ఎడమ తల గొంతు వేరు, కుడి తల గొంతు వేరు. అక్కడ తేడా కావాలని పెట్టుకున్నది, అందుకే అందం. వదులు స్క్రూ వల్ల వచ్చే తేడా నేను పెట్టుకున్నది కాదు. సమానంగా వాయించడం వచ్చినవాడు కావాలంటే తేడాగా వాయిస్తాడు. రానివాడికి ఆ ఛాన్సే లేదు.

కాబట్టి నేననేది ఇంతే. ప్రాక్టీస్ అక్కర్లేదని కాదు. ప్రాక్టీస్ చెయ్యమని చెప్పే ముందు స్క్రూలు చూడండి. కొత్తది కొనే ముందు కూడా చూడండి. వదులు జాయింట్ మీద ఏడాది సాధన చేస్తే, ఆ ఆలస్యానికి తగ్గట్టు తొందరపడటం కాలికి అలవాటైపోతుంది. మంచి పెడల్ దొరికిన రోజున అదే కొత్త తప్పు అవుతుంది.

వచ్చే ఫెస్ట్‌లో ఆ పాట నాకు ఇస్తారో లేదో తెలియదు. అడుగుతాను, రికార్డింగ్ వినిపించి మరీ. ఈలోపు ఎవరికైనా "నీ ఎడమ కాలు వీక్" అన్న మాట తగిలి ఉంటే, సాయంత్రం ఆరు తర్వాత మ్యూజిక్ రూమ్‌కి రండి. డ్రమ్ కీ, నూనె డబ్బా నా బ్యాగులోనే ఉంటాయి.