కొండ ఎక్కనంటున్న కారు



ఈసారి మన పేజీకి వచ్చిన ఉత్తరాల్లో ఒకటి శృంగవరపుకోట దగ్గర్నుంచి వచ్చింది. వ్రాసిన అబ్బాయి ఏడో తరగతి చదువుతున్నాడు. వాళ్ల నాన్నగారికి ఒక పాత పెట్రోలు అంబాసిడర్ ఉంది. ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా అరకు చూడవచ్చేవారిలో అదే కారు కావాలనేవాళ్లు కొందరున్నారట. ఆ కిరాయి మీదే ఇల్లు గడుస్తోంది.

బల్లపరుపు రోడ్డు మీద ఆ కారుకు ఏ జబ్బూ లేదు. అనంతగిరి ఘాటీ ఎక్కేటప్పుడు మాత్రం సగం దారిలో కుదుపులు మొదలుపెట్టి, నీరసించి, ఆగిపోతుంది. పది నిమిషాలు ఊరుకుంటే ఏమీ ఎరగనట్టు మళ్లీ బయలుదేరుతుంది. ఒక మెకానిక్కు చూసి, "ఇంజను విప్పి రింగులు మార్చాలి" అన్నాడు. ఆ డబ్బు పెడితే ఈ ఏడు అక్కయ్య కాలేజీ ఫీజు కట్టడం కష్టం. "నిజంగా విప్పవలసిందేనా?" అని అబ్బాయి అడిగాడు.

ముందు చిన్న లెక్క చూద్దాం. 75 కిలోల బరువును ఒక సెకండులో ఒక మీటరు ఎత్తు లేపగలిగితే దాన్ని ఒక అశ్వశక్తి అంటారు. కారు, అందులో మనుషులు, పెట్టెలు, అన్నీ కలిపి 1500 కిలోలనుకోండి. గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకండుకు 10 మీటర్లు. 20 మీటర్లకు ఒక మీటరు లేచే రోడ్డు మీద, సెకండుకు అర మీటరు చొప్పున ఆ బరువంతా పైకి లేవాలి. 1500ను అరతో హెచ్చవేసి 75తో భాగించండి. పది వచ్చింది కదూ? చదును రోడ్డు మీద అదే వేగానికి నాలుగైదు అశ్వశక్తులు చాలు. కొండ మీద దానికి తోడు మరి పది కావాలి! ఇంజను పెట్రోలు కూడా ఆ మేరకు ఎక్కువ తాగుతుంది. అందుకే చదును నేల మీద దాగి ఉన్న జబ్బు ఘాటీలో బయటపడుతుంది.

ఇక దొంగ ఎవరో పట్టుకోవాలి. రింగులు అరిగితే కారు మొదటి మలుపు నుంచీ నీరసంగానే ఉంటుంది, వెనక గొట్టంలోంచి నీలిపొగ వస్తుంది. గాలి వడపోత దుమ్ముతో మూసుకుపోయినా అంతే. కాకపోతే పొగ నల్లగా ఉంటుంది. (ఒక లీటరు పెట్రోలు మండడానికి సుమారు తొమ్మిది వేల లీటర్ల గాలి కావాలి. వడపోత శుభ్రంగా ఉండాలనడం ఊరికే కాదు!) క్లచ్చి జారుతుంటే ఇంజను అరుస్తుంది గాని చక్రం తిరగదు, మాడు వాసన వేస్తుంది. ఈ జబ్బుల్లో అరిగిన రింగులు పది నిమిషాల విశ్రాంతితో కొత్తవి కావు. విశ్రాంతితో కుదుటపడే జబ్బంటే నాకు అనుమానం పెట్రోలు దారి మీదికే పోయింది.

తిరుగుటపాలో రెండు ప్రశ్నలు వేశాను. పొగ ఏ రంగు? పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి చూశారా? ఈ తడిగుడ్డ వైద్యం పాత డ్రైవర్లందరికీ తెలుసు. పెట్రోలు త్వరగా ఆవిరయ్యే ద్రవం. ఎండకూ ఇంజను వేడికీ గొట్టంలోనే బుడగలు కడితే పంపు వాటిని లాగలేక చేతులెత్తేస్తుంది. చల్లబరిస్తే సర్దుకుంటుంది.

జవాబు వచ్చింది. పొగ లేదు. తడిగుడ్డ వేశారు, గుణం లేదు. చివర అబ్బాయి తనంతట తానే ఒక ముక్క చేర్చాడు: "ట్యాంకు నిండా పోయించిన రోజుల్లోనే ఎక్కువగా ఆగుతోంది." భేష్! ఆ ఒక్క ముక్కతో దొంగ దొరికాడు.

మీరూ పట్టుకోవచ్చు. ఒక గాజు సీసా నిండుగా నీళ్లు పోయండి. పీల్చే గొట్టం ఒకటి లోపల దింపి, మూతి చుట్టూ గోధుమపిండి ముద్దతో గాలి చొరకుండా మూసేయండి. ఇప్పుడు పీల్చండి. ఒక గుక్కయినా వస్తుందా? నీళ్లను పైకి తోసేది మన నోరు కాదు, సీసాలోని గాలి ఒత్తిడి. పైన ఉన్న కాస్త గాలీ పలుచబడేసరికి తోసేవాళ్లు లేరు. సగం సీసాతో చేస్తే లోపల గాలి ఎక్కువ గనుక మరికొన్ని గుక్కలు వస్తాయి. పిండిముద్దలో సూదితో సన్నని బెజ్జం చేసి చూడండి, ధారగా వస్తాయి.

పాత కార్ల పెట్రోలు మూతకు అలాంటి బెజ్జమే ఉంటుంది. ఆ కారు మూతలో అది దుమ్ముతో పూడిపోయింది. చదును నేల మీద పెట్రోలు మెల్లగా ఖర్చవుతుంది గనుక, మూత అంచుల్లోంచి దూరే కొద్దిపాటి గాలి సరిపోయేది. ఘాటీలో చాలలేదు. ఆగిన పది నిమిషాల్లో గాలి మెల్లగా లోపలికి చేరేది, కారు లేచి కూర్చునేది.

ఈసారి కారు ఆగినప్పుడు వాళ్ల నాన్నగారు ఇంజను ఆపి మూత వదులు చేశారు. "స్స్" మని గాలి లోపలికి పోయింది. కారు వెంటనే కదిలింది. సూదితో బెజ్జం శుభ్రం చేశాక అరకు దాకా ఎక్కడా ఆగలేదట. ఖర్చు సున్న. ఫీజు కట్టేశారు. (మూత తీసే పని పెద్దలదే సుమా! దగ్గరలో బీడీ గాని, అగ్గిపుల్ల గాని ఉండకూడదు.)

మీ ఇంట కొత్త కారుంటే దాని మూతకు బెజ్జం వెతకకండి, పొడవకండి. అందులో పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది. గాలి రాకపోకలకు వేరే కవాటాలున్నాయి. ట్యాంకులోంచి వచ్చే పెట్రోలు ఆవిరి బయట గాలిలో కలవకుండా ఒక డబ్బాలోకి పోతుంది. ఆ డబ్బా నిండా ఏముంటుందో తెలుసా? బొగ్గు! ఆవిరిని ఆ బొగ్గు పట్టి ఉంచుతుంది, ఇంజను నడిచేటప్పుడు మళ్లీ దాన్ని పీల్చి మండించుకుంటుంది.