అవధికి లక్షణం చెప్పరేం?

తెలుగు పండితుడు గణితంలో వేలు పెట్టడమేమిటని నవ్వదలచుకున్న బ్లాగ్మిత్రులు ముందే నవ్వేసుకోండి. ముప్పైమూడేళ్ళు సంధులూ సమాసాలూ చెప్పి, అరవైమూడో ఏట దూరవిద్యలో బి.ఎస్‌సి.కి డబ్బు కట్టాను. 'వాస్తవ విశ్లేషణ' అనే పాఠ్యాంశం నా ప్రాణం తోడేస్తున్నది. అయినా ఆ శాస్త్రంమీద నాకు కోపం లేదు. మనవాళ్ళు దాన్ని చెబుతున్న తీరుమీదనే ఈ టపా.

మొదటి తరగతిలో ఉపన్యాసకులవారు అవధిని ఇలా నిర్వచించారు: "పదాలు ఒక సంఖ్యకు అంతకంతకూ దగ్గరవుతూ, ఎప్పటికీ దాన్ని చేరకుండా ఉంటే ఆ సంఖ్యే అవధి." తర్కశాస్త్రపు గాలి సోకిన ఏ పండితుడైనా ఇక్కడ ఉలిక్కిపడవలసిందే. లక్షణానికి అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవమని మూడు దోషాలు కదా. 1, 1/2, 1/3, 1/4... అనే అనుక్రమాన్ని చూడండి. సున్నకు దగ్గరవుతున్నది, నిజమే. మైనస్ ఒకటికి మాత్రం దగ్గర కావడం లేదా? దానికున్న దూరం 2, 3/2, 4/3, 5/4... తగ్గుతూనే ఉన్నది. చేరడమూ లేదు. కనుక మైనస్ ఒకటీ అవధే కావాలి! ఇది అతివ్యాప్తి. ఇక 5, 5, 5... అన్నది మొదటి అడుగులోనే చేరి కూర్చున్నది. ఈ లక్షణం ప్రకారం దానికి అవధే ఉండరాదు. ఇది అవ్యాప్తి. ఒక్క వాక్యంలో రెండు దోషాలు.

లేచి ఈ మాటే అడిగాను. "ఈ గొడవంతా ఎందుకు మాస్టారూ? ముఖ్యమైన ప్రశ్నలు పది ఇస్తాను, బట్టీ పట్టండి, గట్టెక్కుతారు" అన్నారాయన. మంచి మనిషే. తిట్టినా బాగుండేది.

అసలు లక్షణం ఎంత నిర్దుష్టమో చూడండి. మీరు ఎంత చిన్న ధనసంఖ్యను ఎప్సిలాన్‌గా ఇచ్చినా, ఏదో ఒక స్థానం దాటిన తరువాత వచ్చే పదాలన్నీ ఆ సంఖ్యకు ఎప్సిలాన్ కంటె తక్కువ దూరంలోనే ఉండాలి. దగ్గరవడం, చేరకపోవడం అన్న మాటలే ఇందులో లేవు. ఎప్సిలాన్ అర అనండి, మైనస్ ఒకటి పక్షం అక్కడికక్కడే వీగిపోతుంది. ఇంతటి వాక్యాన్ని బట్టీకి అప్పగించడం పాపం కాదూ?

ఈ శాస్త్రం పుట్టిందే పాఠం సరిగా చెప్పలేకపోతున్నామన్న సిగ్గులోంచి. 1858లో జ్యూరిక్‌లో కలనగణితం బోధిస్తూ, బొమ్మలమీద ఆధారపడక తప్పడం లేదే అని డెడికిండ్ బాధపడ్డాడు. వాస్తవ సంఖ్యలకు పునాది కట్టి 1872లో ప్రచురించాడు. వయర్‌స్ట్రాస్ విశ్వవిద్యాలయానికి వెళ్ళకముందు పదేళ్ళకు పైగా బడిపంతులు, చేతిరాత, వ్యాయామం కూడా నేర్పినవాడు. మన జాతివాడే!

ఇక రెండో అభియోగం. "ఇవన్నీ తెలుగులో కుదరవండీ" అంటారు. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ కళాశాలలన్నీ ఆంగ్లమాధ్యమానికే మారాలని నిర్ణయించినప్పుడూ ఇటువంటి మాటే వినిపించింది. కుదరనిది ఏమిటో నాకు చూపండి. అవిచ్ఛిన్నతకూ ఏకరూప అవిచ్ఛిన్నతకూ భేదం చెప్పడానికి పుస్తకాలు పుటలు నింపుతాయి. మన భాషలో అవధారణార్థకమైన ఏకారం ఒక్కటి చాలు. "ప్రతి ఇంటికీ ఒక బావి ఉన్నది", "అన్ని ఇళ్ళకూ ఒకే బావి ఉన్నది." భేదం తెలియని తెలుగువాడు ఉంటాడా? మొదటిదానిలో ఒక్కొక్క బిందువుకు ఒక్కొక్క డెల్టా, రెండోదానిలో అన్నిటికీ ఒకటే. ఈ తేడా దగ్గరనే కోషీ అంతటివాడు 1821లో తప్పటడుగు వేశాడు. అవిచ్ఛిన్న ప్రమేయాల అభిసరణ శ్రేణికి మొత్తం కూడా అవిచ్ఛిన్నమే అన్నాడు. 1826లో ఆబెల్ దానికి అపవాదం చూపించాడు. లోపించినది ఆ "ఒకే" అన్నమాట.

మా తరగతిలో మందుల దుకాణంలో పనిచేసే కుర్రవాడొకడు ఉన్నాడు. ఇంటర్ దాకా తెలుగు మాధ్యమం. బొల్జానో–వయర్‌స్ట్రాస్ సిద్ధాంతానికి ఉపపత్తి ఆంగ్లంలో గడగడా ఒప్పజెబుతాడు. అక్షరం ఒకటి మార్చి అడిగితే మాత్రం ఆగిపోతాడు. వాణ్ణి చూస్తే, త్రికసంధి సూత్రం అర్థం చెప్పకుండా వల్లె వేయించిన నా తొలినాళ్ళ తరగతులు గుర్తుకొచ్చి తల వంచుకున్నాను. నేనేం శుద్ధుణ్ణి కాదు.

ఇప్పుడు ఆదివారాలు మా అరుగుమీద కూర్చుంటున్నాం. మొన్న వర్గ ప్రమేయం తీసుకున్నాం. ఎప్సిలాన్ 1 అనుకుంటే, 10 దగ్గర డెల్టా 1/20 మించరాదు. 100 దగ్గర 1/200, 1000 దగ్గర 1/2000. కుర్రవాడు చాలాసేపు ఆ అంకెలు చూసి, "అయితే మాస్టారూ, ముందుకు పోయేకొద్దీ ఏ బావీ చాలదన్నమాట" అన్నాడు. సున్న నుంచి ఒకటి దాకా మాత్రమే తీసుకుంటే ఒకే బావి ఎందుకు చాలుతుందో వచ్చే ఆదివారం చెబుతానన్నాను. నాకింకా పూర్తిగా రాలేదు. చదువుకోవాలి.