మానుటయా? ఆగుటయా?

ఒక రోగిని గురించి వైద్యునికి ఇంగ్లీషులో తెలియజేయవలసి వచ్చిందనుకుందాం. ‘హి స్టాప్డ్ టేకింగ్ ది మెడిసిన్’ అంటే అతడు మందు మానివేశాడని అర్థం. ‘హి స్టాప్డ్ టు టేక్ ది మెడిసిన్’ అంటే చేస్తున్న పని ఆపి మందు వేసుకున్నాడని అర్థం. ఒక చిన్న రూపభేదం వల్ల చికిత్సే మారిపోవచ్చును.

‘ఇంగ్’తో ముగిసి, నామవాచకం వలె పనిచేసే క్రియారూపాన్ని జెరండ్ అంటారు. ఎంజాయ్, అవాయిడ్, ఫినిష్ వంటి క్రియల తరువాత ఇదే రావాలి. ‘టు’ రూపం చెల్లదు. అక్కడ పొరపాటు పడితే వ్యాకరణం చెడుతుందే గాని భావం చెడదు. స్టాప్, రిమెంబర్, ఫర్గెట్ అనే క్రియలతోనే అసలు చిక్కు. అవి రెండు రూపాలనూ స్వీకరించి, రెండు అర్థాలను ఇస్తాయి.

‘ఐ రిమెంబర్ లాకింగ్ ది డోర్’ అన్న సాక్షి, తాళం వేసిన సంగతి ఇప్పుడు జ్ఞాపకమున్నదని చెబుతున్నాడు. ‘ఐ రిమెంబర్డ్ టు లాక్ ది డోర్’ అన్నవాడు, జ్ఞాపకం పెట్టుకొని తాళం వేశానంటున్నాడు.

‘తాగడం మానాడు’, ‘తాగడానికి ఆగాడు’ అనే భేదం తెలుగులోనూ ఉన్నది. అయితే ఆ పోలికను అన్నిచోట్లా నమ్మరాదు. ‘తాళం వేయడం మరచిపోయాడు’ అన్నప్పుడు తెలుగులో ‘డం’ ఉన్నా, ఇంగ్లీషులో ‘టు’ రావలసిందే.

ఈ మూడు క్రియలకూ ఒకే ప్రశ్న చాలును: ఏది ముందు? పని ముందైతే జెరండ్. ఆగడమో, జ్ఞాపకమో, మరపో ముందైతే ‘టు’.