ఏ నీళ్లతో పరీక్ష?

కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం తీసేశాక మిగిలే బురద కొట్టాల ఊరి దగ్గరి టెయిల్‌పాండ్‌కు చేరుతుంది. ఖనిజంలో యురేనియం నూటికి 0.05 వంతు కూడా ఉండదు. అంటే తవ్విన రాయి దాదాపు మొత్తం పిండై అక్కడికే వస్తుంది. బోరు నీళ్లు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. మా వల్ల కాదని గని నడిపే సంస్థ అంటోంది. ఈ తగాదాను పరీక్షే తేల్చాలి. మరి ఏ పరీక్ష?

బురదలో ఏముందో చెప్పడం ఒక లెక్క, అందులోంచి నీళ్లలోకి ఎంత దిగుతుందో చెప్పడం ఇంకో లెక్క. ఊరికి కావలసింది రెండోది. దీనికి బాగా వాడుకలో ఉన్న అమెరికా పద్ధతి టీసీఎల్‌పీ. ఒక వంతు వ్యర్థానికి ఇరవై వంతుల పలచని ఎసిటిక్ ఆమ్లం పోసి, 18 గంటలు తిప్పి, వడగట్టి కొలుస్తారు. పట్నం చెత్తకుప్పల్లో ఊరే ఆమ్లాన్ని దృష్టిలో పెట్టుకుని తయారుచేసిన పద్ధతి అది.

తుమ్మలపల్లె సంగతి వేరు. అక్కడిది డోలమైట్ సున్నపురాయి. ఆమ్లం పోస్తే రాయే తాగేస్తుంది. అందుకే జార్ఖండ్‌లోని జాదుగూడలోలా గంధకామ్లంతో కాకుండా సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్‌లతో యురేనియం లాగుతారు. కార్బొనేట్ తోడున్న క్షార జలంలో యురేనియం అడుక్కి దిగదు, కరిగే ఉండి నీటి వెంట నడుస్తుంది. ఆర్సెనిక్, మాలిబ్డినం కూడా క్షారంలో తేలిగ్గా కదులుతాయి. ఆమ్లం తగిలితే కార్బొనేట్ వాయువై ఎగిరిపోతుంది. అలాంటి పరీక్షలో వచ్చిన అంకె కొట్టాల నేల గురించి ఏం చెబుతుంది?

అక్కడి బోరు నీళ్లే తెచ్చి, గొట్టంలో బురద నింపి, నెలల తరబడి బొట్టుబొట్టుగా పారించి చూడాలి. పాండ్‌లో ఒక్కచోట మట్టి తీస్తే చాలదు. పైపు నోటి దగ్గర ముతక ఇసుక నిలుస్తుంది, సన్నని బురద దూరం పోతుంది. రెండింటినీ విడివిడిగా పరీక్షించాలి.

ఆ నేలలో యురేనియం సహజంగానే ఉందని ఒక వాదన. ఉండొచ్చు. అయితే శుద్ధిలో సోడియం లవణాలు వాడతారు, సల్ఫేట్ పుడుతుంది. ఒక బోరులో యురేనియంతో పాటు ఈ రెండూ ఏటేటా పెరుగుతుంటే, అనుమానించాల్సింది రాతిని కాదు, పాండ్‌ని.

లీటరుకు 30 మైక్రోగ్రాముల యురేనియం దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మన అణుశక్తి నియంత్రణ మండలి గీసిన గీత 60. ఏ గీత పెట్టుకున్నా, ఏ బోరులో ఏ తేదీన ఎంత వచ్చిందో పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయాలి. నమూనా తీసేటప్పుడు రైతు పక్కనే ఉండాలి, సీసాలో సగం అతనికివ్వాలి, వేరేచోట పరీక్ష చేయించే ఖర్చు సంస్థే పెట్టుకోవాలి.