కరణం పోయాడు, కంప్యూటర్ కరణం వచ్చాడు

మన తాతలు ఊరికి కావలి కాశారు. తలారులుగా, వెట్టివాళ్లుగా, నీరుగంట్లుగా ఊరి పంటనూ చెరువునూ కాపాడారు. లెక్కల పుస్తకం మాత్రం కరణం చేతిలో ఉండేది. తెల్లకాగితం మీద వేలిముద్ర మనది, భూమి వాళ్లది. 1984లో కరణీకం రద్దయింది. మరి పెత్తనం రద్దయిందా?

ఇప్పుడా పుస్తకం కంప్యూటర్లోకి ఎక్కింది. దానికి కావలి కాసే పని పేరు సైబర్ సెక్యూరిటీ. ఏ ముప్పు ఎంత పెద్దది, దాన్ని ఆపే బాధ్యత ఎవరిది అని పట్టీ రాసే పని పేరు రిస్క్ మేనేజ్‌మెంట్. కావలి వెట్టిగా ఉన్నన్నాళ్లూ మనది. లక్షల జీతం రాగానే అది 'మెరిట్' ఉన్నోళ్ల పని అయిపోయింది!

ఆ మెరిట్ సంగతేందో చూద్దాం. 2009 జనవరిలో సత్యం కంపెనీలో 7 వేల కోట్ల దొంగలెక్కలు బయటపడ్డాయి. అక్కడ రిజర్వేషన్లు లేవే! కావలి ఎందుకు తప్పింది?

నష్టపోయేది ఎవరు? 2018లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో లక్షా 34 వేల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, కులంతో సహా బజార్న పడ్డాయి. అదే ఏడు తెలంగాణలో, రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలకు రబ్బరు అచ్చులు చేసి వేల సిమ్‌కార్డులు తీశారు. సర్కారు ఇల్లు అడిగినోడి గుట్టు వీధిలో. కంపెనీ గుట్టు మాత్రం ఇనప్పెట్టెలో!

కంపెనీ పోగొట్టుకునే రూపాయి ఆ పట్టీలోకి ఎక్కుతుంది. బేతంచెర్ల నాపరాళ్లు మోసి అరిగిన వేలును మిషన్ గుర్తుపట్టక, ఆళ్లగడ్డ వాడలో అవ్వకు బియ్యం ఆగితే అది 'టెక్నికల్ ప్రాబ్లం'. ఆమె పొయ్యి ఆరిపోవడం రిస్కు కాదా? ఆకలి తెలిసినోడు ఆ కుర్చీలో కూర్చుంటేనే ఆ వరుస రాస్తాడు.

మరి మనోళ్లను కూర్చోనిస్తారా? రాజ్యాంగంలోని 16(4) సర్కారు కొలువులకే వర్తిస్తుంది. కంపెనీ గేటు దగ్గర అది ఆగిపోతుంది. సర్టిఫికెట్ పరీక్షల ఫీజు డాలర్లలో. సిఫారసు చేయడానికి లోపల మనకు మేనమామ లేడు. నంద్యాల హాస్టళ్లలో చదివిన పిల్లోడు అమీర్‌పేట గది అద్దెకే అప్పులపాలు.

అందుకే అడుగుతున్నాం. ప్రైవేటు ఉద్యోగాల్లో రిజర్వేషన్లు పెట్టండి. సర్టిఫికెట్ ఫీజులు ఎస్సీ కార్పొరేషన్ కట్టాలి. నంద్యాల, ఆళ్లగడ్డల్లో ఉచితంగా ఈ పని నేర్పాలి. మన వివరాలు దాచే సర్కారు వెబ్‌సైట్ల ఆడిట్ రిపోర్టులు బయటపెట్టాలి, ఆ ఆడిట్లలో మన పిల్లలుండాలి.

ఏకలవ్యుడి బొటనవేలు ఒకసారి పోయింది. రెండోసారి పోనివ్వం.

మన వేలిముద్రకు మనమే కావలి! జై భీమ్!