రూటర్ కన్నా ముందు చిరునామా

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. గుంటూరు జిల్లాలోని మన ముప్పాళ్ళ పల్నాడుకి వచ్చింది. వెబ్‌లోనూ పల్నాడు.ఏపీ.గవ్.ఇన్ అంటూ కొత్త చిరునామా. అందులో ముందున్న పేరే సబ్‌డొమైన్.

ఇలా జిల్లాకో సబ్‌డొమైన్‌తో సింగిల్ పేజ్ యాప్ కట్టమంటే చాలామంది ఫ్రెషర్లు జిల్లాకో కాపీ తీస్తారు. రేపు ఒక్క బగ్ వస్తే అన్ని చోట్లా దిద్దాలి! అక్కర్లేదు. డీఎన్ఎస్‌లో వైల్డ్‌కార్డ్ రికార్డు పెట్టి, అన్నిటికీ ఒకే బిల్డ్ ఇవ్వండి. రియాక్ట్ రూటర్ చూసేది స్లాష్ తర్వాతి దారినే. జిల్లా ఏదో యాప్ మొదలవగానే హోస్ట్‌నేమ్ నుంచి మనమే చదువుకోవాలి. అయితే ఎవరి డేటా ఎవరికివ్వాలో సర్వరే తేల్చాలి. బ్రౌజర్‌లో పెట్టిన తనిఖీని దాటడం తేలిక.

ఫ్రేమ్‌వర్కులు మారుతుంటాయి. చిరునామా పనిచేసే తీరు ముందు నేర్చుకోండి, అది ఏ ఉద్యోగంలోనైనా పనికొస్తుంది.